వెనక యాక్సిల్ మారుస్తున్నప్పుడు బ్రేకు ఏది: డిస్కా, డ్రమ్మా?

అమెరికాలో పాత జీప్ చెరోకీ నడిపేవాళ్ల దగ్గర డానా 35 అన్న పేరు ఎత్తితే చాలు, ముఖం చిట్లిస్తారు. 2001 దాకా అక్కడ అమ్ముడైన ఆ బళ్లలో చాలావాటికి వెనక వచ్చిన యాక్సిల్, అంటే వెనక చక్రాలను తిప్పే ఇరుసు, అదే. లోపలి పెద్ద పళ్ల చక్రం, అంటే క్రౌన్ చక్రం, వ్యాసం 7.6 అంగుళాలకు కొంచెం తక్కువ. షాఫ్టు కొసన 27 స్ప్లైన్లు, అంటే పళ్ల లాంటి గాడులు. రోడ్డు మీద తిరిగే బండికి అది సరిపోతుంది. కానీ 33 అంగుళాల టైర్లు వేసి, రాళ్ల మీద ఒక చక్రం ఇరుక్కున్నప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే షాఫ్టు మెలిపడి తెగిపోతుంది. అలా తెగినప్పుడు చాలామంది మళ్లీ డానా 35 కోసం వెతకరు. జంక్ యార్డుకు వెళ్లి ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ వెనక యాక్సిల్ పట్టుకొస్తారు. దాన్ని వాళ్లు పిలిచే పేరు ‘ఎనిమిది పాయింట్ ఎనిమిది’, అంటే క్రౌన్ చక్రం వ్యాసం 8.8 అంగుళాలు. షాఫ్టుకు 31 స్ప్లైన్లు. చక్రానికి అయిదు బోల్టులు, అవి ఉండే వృత్తం 4.5 అంగుళాలు. జీపుదీ అదే కొలత కాబట్టి రిమ్ములు మార్చే పనే ఉండదు. వెడల్పులో తేడా ఒక అంగుళం లోపే.

ప్రశ్న వచ్చేది యార్డులోనే. 1991 నుంచి 1994 దాకా వచ్చిన ఎక్స్‌ప్లోరర్ వెనక చక్రాలకు డ్రమ్ము బ్రేకులు: చక్రంతో తిరిగే గిన్నెను లోపలి నుంచి షూలు అనే వంపు రేకులు ఒత్తి ఆపుతాయి. 1995లో బండిని కొత్తగా దిద్దినప్పుడు వెనక కూడా డిస్కులు పెట్టారు: తిరిగే పళ్లేన్ని రెండు వైపులా ప్యాడ్లు నొక్కి ఆపుతాయి. హౌసింగు ఒకే జాతిది, బిగించడానికి పడే కష్టం కూడా ఒకటే. కమాన్ పట్టీలు కూర్చునే పీఠాలు కోసి మళ్లీ వెల్డింగ్ చేయాలి, షాక్ అబ్జార్బర్ల బ్రాకెట్లు మార్చాలి, ప్రొపెల్లర్ షాఫ్టు కొసన ఫ్లాంజి కుదరాలి. అంత పని ఎలాగూ తప్పనప్పుడు బ్రేకు దగ్గర ఏది ఎంచుకోవాలి?

చాలామంది క్షణం ఆలోచించకుండా డిస్కు అంటారు. ఆ జవాబు చాలాసార్లు సరైనదే, కానీ దానికి వాళ్లు చెప్పే కారణం మాత్రం తప్పు. డిస్కు వేస్తే బండి తక్కువ దూరంలో ఆగుతుందని వాళ్ల నమ్మకం. వెనక చక్రం విషయంలో ఆ లాభం దాదాపు ఉండదు. అసలు లాభనష్టాలు వేరే చోట ఉన్నాయి. పెడల్ తొక్కితే బ్రేకు ఆయిలును తోసే మాస్టర్ సిలిండర్‌లో, దాని కింద ఉండే చిన్న ఇత్తడి వాల్వులో, హ్యాండ్ బ్రేకు కేబుల్లో ఉన్నాయి. చక్రం దగ్గర ఏముందో చూసి, ఈ మూడూ చూడకుండా యాక్సిల్ కొనేస్తే డిస్కు వేసినా, డ్రమ్ము వేసినా చిక్కే.

ముందు వెనక చక్రం మోసే భారం లెక్క చూద్దాం. బ్రేకు తొక్కగానే బండి ముక్కు కిందికి వంగుతుంది, బరువు ముందు చక్రాల మీదికి జరుగుతుంది. ఎంత జరుగుతుందో తేల్చేవి నాలుగు: బండి బరువు, ఎంత గట్టిగా ఆపుతున్నాం, బరువు కేంద్రం నేలకు ఎంత ఎత్తులో ఉంది, రెండు యాక్సిళ్ల మధ్య దూరం ఎంత. 1,500 కిలోల పొట్టి జీపు, యాక్సిళ్ల మధ్య 2.37 మీటర్లు, బరువు కేంద్రం 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. ఎండిన తారు రోడ్డు మీద గట్టిగా, అంటే 0.8 జీ (భూమి ఆకర్షణ త్వరణంలో 0.8 వంతు) చొప్పున వేగం తగ్గేలా ఆపితే ముందుకు జరిగే బరువు 1,500ను 0.8తో, 0.7తో గుణించి 2.37తో భాగిస్తే వస్తుంది. సుమారు 354 కిలోలు. నిలబడి ఉన్నప్పుడు ముందు 750, వెనక 750 ఉన్న బండి ఆ క్షణంలో ముందు 1,104, వెనక 396 అవుతుంది. వెనక చక్రాల వాటా 26 శాతం. ఇదే బండిని పది సెంటీమీటర్లు పైకి లేపితే వెనక వాటా 23 శాతానికి పడిపోతుంది. యాక్సిల్ మార్చే జీపుల్లో లేపనివి తక్కువే.

అంటే వెనక చక్రం నేలను పట్టి ఆపగలిగింది మొత్తంలో పావు వంతు. ఆ పావు వంతును పుట్టించడానికి ఫ్యాక్టరీ డ్రమ్ము ధారాళంగా సరిపోతుంది. అంతకుమించి బ్రేకు పడితే చక్రం జామ్ అవుతుంది, నేల మీద జారుతుంది. టైరు నేలను వదిలేశాక దాని వెనక ఏ బ్రేకు ఉన్నా ఒకటే. బరువు జరిగే ఈ లెక్క తెలిసిన తయారీదారులు వెనక డ్రమ్ములు పెట్టడానికి ఇవాళ్టికీ వెనుకాడడం లేదు. 2020లో వచ్చిన మహీంద్రా థార్‌కు వెనక డ్రమ్ములే. టయోటా ఇన్నోవా క్రిస్టాకు వెనక డ్రమ్ములే. ఎలక్ట్రిక్ కారు ఫోక్స్‌వాగన్ ఐడీ 4కు కూడా వెనక డ్రమ్ములే పెట్టారు. మోటారే బండిని వెనక్కి పట్టి బ్యాటరీ నింపుకునే కారులో వెనక బ్రేకుకు పని తక్కువ. పని లేని డిస్కు తుప్పు పట్టిపోతుంది. మూసి ఉన్న డ్రమ్ముకు ఆ బాధ తక్కువ. దీన్ని డబ్బు మిగుల్చుకునే ఎత్తుగడ అని కొట్టిపారేసేవాళ్లు ఈ లెక్కను ఒక్కసారి వేసి చూడాలి.

డ్రమ్ము తనంతట తానే బిగుసుకుంటుంది

డ్రమ్మును తక్కువ అంచనా వేయడానికి ఇంకో కారణం, లోపల ఏం జరుగుతుందో కనిపించకపోవడం. డిస్కు సూటిగా ఉంటుంది. ప్యాడ్లను పట్టి ఉంచే క్యాలిపర్‌లోని పిస్టన్ ఎంత నొక్కితే ప్యాడ్లు అంతే పడతాయి. ప్యాడు రాపిడి గుణకం 0.4 అయితే, రెండు వైపులా కలిపి పిస్టన్ నొక్కిన బలానికి 0.8 రెట్ల పట్టు వస్తుంది. డ్రమ్ములో సంగతి వేరు. తిరుగుతున్న డ్రమ్ముకు షూ తగలగానే డ్రమ్ము ఆ షూను తనతో లాక్కుపోతుంది. లాక్కుపోయేకొద్దీ షూ ఇంకా గట్టిగా బిగుసుకుంటుంది. అమెరికన్ జీపుల్లో ఉండే డ్యూయో సర్వో అమరికలో మొదటి షూ వెళ్లి రెండో షూను కూడా తోస్తుంది. అందువల్ల సిలిండర్ తోసిన బలానికి నాలుగైదు రెట్ల పట్టు డ్రమ్ము దగ్గర పుడుతుంది.

దీన్ని అంకెల్లో పెడితే బాగా అర్థమవుతుంది. 48 మిల్లీమీటర్ల క్యాలిపర్ పిస్టన్ వైశాల్యం 18 చదరపు సెంటీమీటర్లు. డ్రమ్ములో షూలను తోసే 22 మిల్లీమీటర్ల వీల్ సిలిండర్ వైశాల్యం 3.8 మాత్రమే, అంటే సుమారు అయిదో వంతు. బ్రేకు ఆయిలు ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 50 కిలోలు ఉన్నప్పుడు క్యాలిపర్ 900 కిలోల బలంతో నొక్కి, 720 కిలోల రాపిడి పుట్టిస్తుంది. వీల్ సిలిండర్ ఒక్కో షూను 190 కిలోలతోనే తోస్తుంది, కానీ నాలుగున్నర రెట్లు పెరిగి అది 850 కిలోల రాపిడి అవుతుంది. అయిదో వంతు సిలిండర్‌తో డిస్కును మించిన పట్టు! పాత కాలంలో బూస్టర్ లేని బళ్లను కూడా కాలి బలంతో ఆపగలిగింది ఈ గుణం వల్లే.

అయితే ఇదే గుణం ఎదురు కూడా తిరుగుతుంది. వేడెక్కి లైనింగు (షూ, ప్యాడ్ల మీది పొర) రాపిడి పావు వంతు తగ్గితే డిస్కు పట్టు కూడా పావు వంతే తగ్గుతుంది. డ్యూయో సర్వోలో మాత్రం గుణింపు కూడా పడిపోతుంది కాబట్టి పట్టు అంతకన్నా చాలా ఎక్కువ జారిపోతుంది. పైగా వేడికి డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరం జరుగుతుంది, పెడల్ కిందికి దిగిపోతుంది. తిరుమల ఘాట్ దిగుతూ గేరు మార్చకుండా బ్రేకు మీదే కాలు ఉంచిన బండి దగ్గర వచ్చే కాలిన వాసన ఈ కథలో భాగమే. ఎడమ డ్రమ్ములో ఒక చుక్క ఆయిలు పడితే బండి పక్కకు లాగడం కూడా ఈ గుణింపు చలవే. రెండు చక్రాల మధ్య చిన్న తేడాను డ్రమ్ము పెద్దది చేసి చూపిస్తుంది. డిస్కులు ఏళ్ల తరబడి ఎడమ, కుడి ఒకే తూకంలో పడతాయి. డిస్కుకు నిజమైన గొప్ప అదే, ఆగే దూరంలో కాదు.

మాస్టర్ సిలిండర్ ఎవరి కోసం పుట్టిందో చూడాలి

చెరోకీకి ఫ్యాక్టరీలో వెనక డ్రమ్ములు. మాస్టర్ సిలిండర్, దాని కింద ముందు వెనకలకు ఒత్తిడి పంచే కాంబినేషన్ వాల్వు, రెండూ డ్రమ్ముల కోసం లెక్క వేసి పెట్టినవి. అక్కడ డిస్కు యాక్సిల్ తగిలిస్తే మూడు సంగతులు మారతాయి.

మొదటిది ఆయిలు పరిమాణం. డ్రమ్ములో లైనింగు అరిగినకొద్దీ స్టార్ వీల్ అడ్జస్టర్ తిరిగి షూలను బయటికి జరుపుతుంది. అరుగుదలను స్క్రూ మింగేస్తుంది, ఆయిలు మట్టం కదలదు. డిస్కులో ఆ స్క్రూ లేదు. ప్యాడ్లు అరిగిన మేరకు పిస్టన్ ముందుకు వస్తుంది, దాని వెనక ఖాళీని ఆయిలు నింపుతుంది. రెండు ప్యాడ్లు ఎనిమిదేసి మిల్లీమీటర్లు అరిగితే, జారే రకం క్యాలిపర్‌లో పిస్టన్ 16 మిల్లీమీటర్లు బయటికి వస్తుంది. దాన్ని 18 చదరపు సెంటీమీటర్లతో గుణిస్తే ఒక్కో చక్రానికి 29 మిల్లీలీటర్లు, రెండింటికీ కలిపి 58. డ్రమ్ము కోసం చేసిన చిన్న ఆయిలు డబ్బాలో వెనక గది అంత ఇవ్వగలదా అన్నది చూసుకోవాలి. కొత్తగా బిగించిన రోజు ఏ తేడా తెలియదు. రెండేళ్ల తర్వాత ప్యాడ్లు సగం అరిగాక డబ్బా అడుగు కనిపిస్తుంది.

రెండోది మిగులు ఒత్తిడి. పాత డ్రమ్ము వ్యవస్థల్లో వీల్ సిలిండర్ రబ్బరు వాషర్లు ముడుచుకుని గాలి పీల్చకుండా, పైపులో ఎప్పుడూ 10 పీఎస్ఐ దాకా ఒత్తిడి నిలిపే చిన్న వాల్వు ఒకటి ఉండేది. డ్రమ్ములో ఆ ఒత్తిడి షూను తోసే బలం మూడు కిలోల లోపు. రిటర్న్ స్ప్రింగులు దాన్ని లెక్కచేయవు. అదే ఒత్తిడి 48 మిల్లీమీటర్ల క్యాలిపర్‌లోకి వెళితే దాదాపు 13 కిలోలు అవుతుంది. డిస్కులో రిటర్న్ స్ప్రింగే లేదు. పెడల్ మీద నుంచి కాలు తీసేసినా ప్యాడు డిస్కును 13 కిలోలతో నొక్కుతూనే ఉంటుంది. యాభై కిలోమీటర్లు నడిపి దిగి రిమ్ము ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. తర్వాతి రోజుల్లో వచ్చిన బళ్లలో వాషర్ల మధ్య స్ప్రింగు పెట్టి ఈ వాల్వు తీసేశారు. అయినా పాత జీపు అయితే ఉందా లేదా అని మాస్టర్ సిలిండర్ విప్పి చూడాల్సిందే.

మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది, ముందు వెనక పంపకం. ముందు డిస్కు, వెనక డ్రమ్ము ఉన్న బండిలో వాల్వు ఒక స్థాయి దాటాక వెనక ఒత్తిడిని ముందుదానంతగా పెరగనివ్వదు. డ్రమ్ము గుణించి పడుతుందని తెలుసు కాబట్టి. ఆ వాల్వు అలాగే ఉంచి వెనక డిస్కులు వేస్తే వెనక బ్రేకు చాలినంత పట్టదు. బండి ఆగుతుంది, కానీ పని అంతా ముందు ప్యాడ్లే చేస్తాయి. వెనక ప్యాడ్లు ఏళ్ల తరబడి కొత్తవిలా ఉంటే సంతోషించకూడదు, అవి పనిచేయడం లేదని అర్థం. చెరోకీ వాళ్లు దీనికి కనిపెట్టిన ఉపాయం ఒకటుంది. వెనక డిస్కులతో వచ్చిన గ్రాండ్ చెరోకీ వాల్వు సంపాదించి, దాని లోపలి స్ప్రింగు, ప్లంజరు తీసి తమ వాల్వులో వేసుకుంటారు. కొందరు ఫ్యాక్టరీ వాల్వును పక్కన పెట్టి, మర తిప్పి సరిచేసుకునే వాల్వు వెనక లైనులో పెడతారు. ఆ వాల్వు ఒత్తిడిని తగ్గించగలదే కానీ పెంచలేదు. ఫ్యాక్టరీ వాల్వు తర్వాత దాన్ని కూడా పెడితే తగ్గినదాన్ని మళ్లీ తగ్గించినట్టే.

ఇప్పుడు దీన్ని తిరగేసి చూస్తే ఎంపికలో కీలకమైన సంగతి బయటపడుతుంది. డ్రమ్ము బండికి డిస్కు యాక్సిల్ వేసి వాల్వు మార్చడం మర్చిపోతే వెనక తక్కువ పడుతుంది. నష్టమే, కానీ బండి తిన్నగా ఆగుతుంది. డిస్కు బండికి డ్రమ్ము యాక్సిల్ వేసి వాల్వు మార్చడం మర్చిపోతే వెనక అతిగా పడుతుంది. డిస్కుకు సరిపడా వచ్చే పూర్తి ఒత్తిడిని డ్రమ్ము నాలుగైదు రెట్లు చేస్తుంది. ముందు చక్రాలకన్నా ముందే వెనక చక్రాలు జామ్ అవుతాయి. వాన పడిన రోడ్డు మీద వెనక చక్రాలు ముందుగా జామ్ అయిన బండి అడ్డం తిరుగుతుంది. స్టీరింగు ఎంత తిప్పినా లాభం ఉండదు. రెండు పొరపాట్లూ సమానం కావు. ఉన్న బండి డిస్కుల కోసం పుట్టినదైతే డ్రమ్ము యాక్సిల్ జోలికి పోకపోవడమే మంచిది, అది సగం ధరకు దొరికినా సరే.

మన బొలేరోలు, పికప్‌ల వంటి బళ్లలో ఇంకో మెలిక ఉంటుంది. ఛాసిస్‌కు బిగించిన వాల్వు నుంచి ఒక కడ్డీ వెనక యాక్సిల్ దాకా వస్తుంది. లోడు వేసి ఛాసిస్ దిగితే వెనక ఒత్తిడి పెంచుతుంది, ఖాళీగా లేస్తే తగ్గిస్తుంది. కొత్త యాక్సిల్ మీద ఆ కడ్డీ బిగించే చెవి రెండంగుళాలు కిందికి ఉన్నా, కమాన్ పట్టీలు మార్చి బండిని లేపినా, వాల్వు బండి ఎప్పుడూ ఖాళీగానే ఉందనుకుంటుంది. నిండా లోడుతో కూడా వెనక బ్రేకు పట్టదు. యాక్సిల్ మార్చాక బ్రేకు తగ్గిందని షూలు మార్పించి, డ్రమ్ములు లేతు పట్టించి, మాస్టర్ సిలిండర్ కిట్ కూడా వేయించాక చివరికి తప్పు ఆ కడ్డీలో ఉందని తేలే సందర్భాలు ఉంటాయి. ముందే దాని కొలత టేపుతో కొలిచి రాసి పెట్టుకుంటే ఆ ఖర్చంతా తప్పుతుంది.

హ్యాండ్ బ్రేకు దగ్గర తేలే లెక్క

డ్రమ్ముకు హ్యాండ్ బ్రేకు సహజంగా అమరుతుంది. కేబుల్ ఒక లివర్‌ను లాగుతుంది, లివర్ అదే షూలను తెరుస్తుంది. లైనింగు పెద్దది, గుణింపు ఉంది, ఏటవాలు మీద బండి బండరాయిలా నిలబడుతుంది. ఆయిలు పైపు పగిలి పెడల్ అడుగంటిన రోజు హ్యాండ్ బ్రేకుతో బండిని నిజంగా ఆపవచ్చు.

డిస్కుతో అంత సులువు కాదు. దారులు రెండు. ఒకటి, క్యాలిపర్‌లోనే లివర్, స్క్రూ ఉండి కేబుల్ పిస్టన్‌ను నొక్కే రకం. ఇందులో గుణింపు లేదు కాబట్టి ఎంత లాగినా డ్రమ్ములా పట్టదు. స్క్రూ తుప్పు పడితే పిస్టన్ సగంలో ఆగిపోతుంది. రెండోది ఎక్స్‌ప్లోరర్‌లో వచ్చే పద్ధతి. డిస్కు మధ్యలో టోపీలా ఉబ్బిన భాగం లోపల ఒక చిన్న డ్రమ్ము, అందులో చిన్న షూలు. పెడల్‌కు డిస్కు, హ్యాండ్ బ్రేకుకు డ్రమ్ము. బండిని నిలిపి ఉంచడానికి ఇది మంచి పద్ధతే. అయితే ఆ షూలు సన్నవి, నడుస్తున్న బండిని ఆపడానికి పనికొచ్చేవి కావు. హ్యాండ్ బ్రేకు దించడం మర్చిపోయి నాలుగు కిలోమీటర్లు పోతే లైనింగు మాడిపోతుంది. మామూలు వాడకంలో వాటికి అరుగుదలే లేదు కాబట్టి ఎవరూ విప్పి చూడరు. యార్డులో పదేళ్లు వానకు తడిసిన యాక్సిల్‌లో లైనింగు రేకు నుంచి ఊడి, పొడిగా రాలి, డిస్కు టోపీ లోపల తుప్పు గట్టు కట్టి ఉంటుంది. డిస్కు లాగితే రాదు. వెనక రంధ్రంలోంచి స్క్రూడ్రైవర్ పెట్టి స్టార్ వీల్ వెనక్కి తిప్పితే కానీ వదలదు. యార్డులో కొనే ముందు ఒక డిస్కు ఊడదీయించి లోపల చూడటం అందుకే అవసరం. బయటి ప్యాడు మందం చూసి మోసపోకూడదు.

మార్కెట్లో దొరికే కొన్ని డిస్కు కిట్లు హ్యాండ్ బ్రేకు ఊసే ఎత్తవు. వెనక డ్రమ్ములు తీసేసి, ముందు చక్రం రకం క్యాలిపర్ బ్రాకెట్‌తో బిగిస్తారు. గేరులో పెట్టి రాయి అడ్డం పెడితే చాలదా అంటారు. చాలదు. రోడ్డు మీద తిరిగే బండికి కాలి బ్రేకుతో సంబంధం లేని రెండో బ్రేకు ఉండి తీరాలి. ఒక్క సందర్భంలో మాత్రం ఈ అభ్యంతరానికి బలం తగ్గుతుంది. విల్లీస్ తరహా పాత జీపుల్లో హ్యాండ్ బ్రేకు చక్రాల దగ్గర ఉండదు. ట్రాన్స్‌ఫర్ కేసు (శక్తిని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే పెట్టె) వెనక, ప్రొపెల్లర్ షాఫ్టు మొదట్లో ఒక చిన్న డ్రమ్ము ఉంటుంది. అలాంటి జీపుకు వెనక డిస్కులు వేసినా హ్యాండ్ బ్రేకు చెక్కుచెదరదు. కానీ దాని బలహీనత కూడా తెలుసుకోవాలి. ఆ బ్రేకు, రెండు చక్రాలను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ద్వారా చక్రాలను పట్టుకుంటుంది. స్టెప్నీ మార్చడానికి వెనక ఒక చక్రం జాకీతో లేపితే, గాలిలోని చక్రం వెనక్కి తిరిగి, నేల మీది చక్రం ముందుకు దొర్లుతుంది. హ్యాండ్ బ్రేకు వేసే ఉన్నా బండి జాకీ మీద నుంచి జారుతుంది.

బురద, నీళ్లు, సీలు కారడం

ఇక్కడ డిస్కు నిస్సందేహంగా గెలుస్తుంది. వాగు దాటిన డ్రమ్ములో నీళ్లు నిలుస్తాయి. లైనింగుకు, డ్రమ్ముకు మధ్య పొరలా చేరి మొదటి రెండు మూడు సార్లు పెడల్ తొక్కినా బండి జారినట్టు పోతుంది. కాలితో తేలిగ్గా తొక్కి పట్టి కొంత దూరం నడిపితే వేడికి ఆరి పట్టు తిరిగి వస్తుంది. డిస్కు తిరుగుతూనే నీళ్లు విసిరేస్తుంది, మిగిలింది ప్యాడు తుడిచేస్తుంది. బురద సంగతి ఇంకా ఘోరం. పొలం గట్ల మీద, నల్లరేగడిలో తిరిగే జీపు డ్రమ్ము విప్పితే లోపల ఎండిన మట్టి పెళ్లలు, దాని వెంట గీతలు పడిన డ్రమ్ము, మట్టి పట్టి తిరగని స్టార్ వీల్. అడ్జస్టర్ తిరగకపోతే అరుగుదల పెడల్‌లోకి చేరుతుంది. ఒకసారి తొక్కితే అందని బ్రేకు రెండోసారి పంపు చేస్తే అందుతుంది.

పని తేడా కూడా చూడాలి. డిస్కు ప్యాడ్లు మార్చాలంటే రెండు బోల్టులు, పిస్టన్ వెనక్కి నొక్కడానికి ఒక క్లాంపు, అరగంట. డ్రమ్ము షూలు మార్చాలంటే రెండు రిటర్న్ స్ప్రింగులు, షూలను పట్టి ఉంచే పిన్నులు, అడ్జస్టర్, దాని కేబుల్, హ్యాండ్ బ్రేకు లివర్, ఏది ఏ వైపుదో గుర్తుంచుకోవాలి. ఎడమ అడ్జస్టర్ కుడివైపు వేస్తే అది బిగించాల్సింది వదులు చేస్తుంది. రెండు వైపులా ఒకేసారి విప్పకుండా ఒకటి నమూనాగా ఉంచుకోవాలని అనుభవం ఉన్న మెకానిక్కులు చెప్పేది ఇందుకే.

యాక్సిల్ షాఫ్టు సీలు కారడం కూడా ఈ లెక్కలో వేసుకోవాలి. పాత యాక్సిల్‌లో సీలు ఎప్పుడో ఒకప్పుడు కారుతుంది. డ్రమ్ము అయితే గేరు ఆయిలు నేరుగా లైనింగులోకి ఇంకుతుంది. ఆ షూలు ఇక పారేయడమే, పెట్రోలుతో కడిగి ఎండబెట్టినా ఆయిలు మళ్లీ ఊరుతుంది. ఎక్స్‌ప్లోరర్ డిస్కు యాక్సిల్‌లో కారిన ఆయిలు ముందుగా పాడుచేసేది హ్యాండ్ బ్రేకు షూలను. కాలి బ్రేకు చాలావరకు బతుకుతుంది. ఏ యాక్సిల్ కొన్నా బిగించే ముందే సీళ్లు, బేరింగులు మార్చేయాలి. బండి కింద పడుకుని చేసేదానికన్నా బల్ల మీద చేయడం పది రెట్లు తేలిక.

వీటన్నిటి దగ్గర రిమ్ము సైజు చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ మర్చిపోతే అన్నీ బిగించాక చక్రం ఎక్కదు. క్యాలిపర్ బయటికి పొడుచుకు వస్తుంది. పాత 15 అంగుళాల రిమ్ముల్లో కొన్ని దాన్ని రాసుకుంటాయి. కొనే ముందే ఒక రిమ్ము వెంట తీసుకెళ్లి యార్డులోనే తొడిగి తిప్పి చూడవచ్చు.

మన దగ్గర జీపులు, జిప్సీలు బాగుచేసుకునేవాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. బ్రేకులకు కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో ప్రత్యేకంగా ఒక నిబంధనే ఉంది. పాడైన యాక్సిల్ స్థానంలో అదే మోడల్ యాక్సిల్, అదే బ్రేకుతో వేసుకోవడం మరమ్మతు. వేరే కంపెనీ యాక్సిల్ తెచ్చి బ్రేకు రకం మార్చడం మార్పు. ఈ తేడా ప్రమాదం జరిగిన తర్వాత ఇన్సూరెన్సు దగ్గర బయటికొస్తుంది. మహీంద్రా జీపుకు అదే జాతి డ్రమ్ము యాక్సిల్ మంచిది దొరికితే, దానికి కొత్త షూలు, కొత్త వీల్ సిలిండర్లు, లేతు పట్టిన డ్రమ్ములు వేసుకోవడమే ఇక్కడ చాలామందికి సరైన దారి. డిస్కు కిట్‌కు పెట్టే డబ్బులో కొంత పెట్టినా ఆ డ్రమ్ములు కొత్త వాటిలా పనిచేస్తాయి.

అమెరికాలో యార్డు ముందు నిలబడిన చెరోకీ యజమానికి జవాబు వేరు. 1995 తర్వాతి ఎక్స్‌ప్లోరర్ యాక్సిల్‌కు డిస్కులు, హ్యాండ్ బ్రేకు, బ్రాకెట్లు ఫ్యాక్టరీలోనే కలిసి వచ్చాయి. ఎవరో వర్క్‌షాపులో కోసి అతికించినవి కావు. దాన్ని తీసుకోవాలి. కేబుళ్లు, క్యాలిపర్ హోసులు, వాటి బోల్టులు సహా మొత్తం విప్పించుకోవాలి, ఒక్క పైపు కూడా యార్డులో వదలకూడదు. అదే యార్డులో డిస్కుది దొరక్క 1993 డ్రమ్ము యాక్సిల్ మంచిది కనిపిస్తే, దాన్ని అలాగే డ్రమ్ములతోనే వాడుకోవచ్చు. చెరోకీ వాల్వు ఎలాగూ డ్రమ్ము కోసమే ఉంది. ఆ డ్రమ్ములు పీకి డిస్కు కిట్ పెట్టడం కోసం ఆ యాక్సిల్ కొనడంలో మాత్రం అర్థం లేదు.

ఏది వేసినా బిగించిన రోజే రోడ్డెక్కకూడదు. బ్రేకుల్లో గాలి తీశాక, మనుషులు, బళ్లు లేని ఖాళీ స్థలంలో నేల తడిపి, గంటకు 30 కిలోమీటర్ల దగ్గర గట్టిగా తొక్కాలి. బయట ఒకరు పక్కన నిలబడి చక్రాలు చూడాలి. ముందు చక్రాలు ముందుగా జామ్ అవ్వాలి. వెనకవి ముందుగా ఆగితే వాల్వు మర అర చుట్టు తగ్గించి మళ్లీ చూడాలి. తర్వాత అదే పని ఎండిన నేల మీద, కొంచెం ఎక్కువ వేగంతో చేయాలి. ఎండిన నేల మీద బరువు ఎక్కువ ముందుకు జరుగుతుంది కాబట్టి తడి మీద బాగున్న బండి ఇక్కడ వెనక జామ్ చేయవచ్చు. ఆపైన ఏటవాలు మీద, ముక్కు పైకి ఒకసారి, కిందికి ఒకసారి పెట్టి హ్యాండ్ బ్రేకు లాగి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, పెడల్ మీద నుంచి కాలు తీయాలి. బండి వేలెడు దూరం కూడా కదలకూడదు. మొదటి 500 కిలోమీటర్ల తర్వాత చక్రాలు విప్పి పైపుల జాయింట్లు, ఆయిలు మట్టం, కొత్త కేబుల్ సాగిందా లేదా అన్నవి మళ్లీ ఒకసారి చూసుకోవాలి.